ఊరంతా రెండో బస్సే

ఆ రోజుల్లో ఉద్యోగమంటే మెళ్ళో ఒక తాడు, తాడుకి ఒక కార్డు, కార్డు మీద మన ఫొటో ఉండాలని నా గట్టి నమ్మకం. జీతం సంగతి ఆ తర్వాత. ఎచ్చెర్లలో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ ముగించుకుని, గరివిడిలో మా నాన్న కిరాణా కొట్లో చింతపండు పొట్లాలు కడుతున్నవాణ్ణి పట్టుకుని, హైదరాబాదులో రవాణా పరిశోధనలు చేసే కంపెనీ ఒకటి నా మెళ్ళో ఆ తాడు వేసింది. రెండు వేల పది దాటి నాలుగైదేళ్ళయిన రోజులవి. అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి గాని, మా కంపెనీ ఇంకా అట్టముక్కల మీదే నడిచేది. (ఆ కార్డు ఫొటోలో నన్ను ఇప్పుడు చూస్తే పోలీసులు వెతుకుతున్నవాడిలా ఉంటాను. అప్పట్లో మా అమ్మ దాని నకలు ఒకటి దేవుడి పటాల వరసలో పెట్టింది.) నాన్న మాత్రం తూకం రాళ్ళు సర్దుకుంటూ, "ఇంతకీ నీ పనేట్రా?" అని అడిగాడు. "జనం ఏ బస్సు ఎక్కడానికి ఇష్టపడతారో కనుక్కోవాలి నాన్నా" అన్నాను. "ఏది ముందొస్తే అదెక్కుతారు. దీనికి జీతం కూడా ఇస్తారేటి?" అన్నాడాయన. సైన్సు తెలియని మనిషి కదా అని జాలిపడ్డాను.

ఆ సైన్సు ఏమిటో చెప్పాలి. నన్ను మా జిల్లాకే వేశారు కాబట్టి నేను గరివిడిలో ఇంటి నుంచే తిరిగేవాణ్ణి గాని, మాకు హైదరాబాదులో ఒక పెద్ద సారు ఉండేవారు. ఆయన్ని వెనకాల అందరం 'డిజైన్ సారు' అనేవాళ్ళం, ఎందుకంటే ఏ సందేహం అడిగినా ఆయన జవాబు ఒక్కటే: "డిజైన్ ముట్టుకోకూడదు." పద్ధతి ఇది. ఒక్కో అట్ట మీద మూడు గళ్ళుంటాయి. మొదటి రెండు గళ్ళలో ఇంకా పుట్టని కొత్త బస్సులు, మూడో గడిలో ఇప్పుడు జనం పడుతున్న అవస్థ. ఒక్కో బస్సు కింద ఛార్జీ ఎంత, ప్రయాణం ఎంతసేపు, స్టాపు ఎంత దూరం అని వరసలు. అట్ట మారినప్పుడల్లా అంకెలన్నీ తారుమారవుతాయి. ఈ అట్టలో చవగ్గా ఉన్న బస్సు తర్వాతి అట్టలో ఖరీదైపోతుంది, ఇక్కడ గుమ్మంలోకి వచ్చిన బస్సు అక్కడ మైలు దూరంలో ఆగిపోతుంది. మనిషి ఒక్కో అట్ట చూసి తనకు నచ్చిన బస్సుకి టిక్కు పెట్టుకుంటూ పోవాలి. ఆ టిక్కులన్నీ కంప్యూటర్లో పోస్తే, ఈ మనిషి నడక తప్పించుకోవడానికి ఎంత ఇస్తాడు, ఎదురుచూపు తప్పించుకోవడానికి ఎంత ఇస్తాడు అన్నది తేలిపోతుంది. వినడానికి నిజంగా ముచ్చటైన విద్యే. చిక్కల్లా మా సారుకి దాని మీద ప్రేమ ఎక్కువ కావడం. మొదట అట్ట మీద నాలుగు వరసలుండేవి. సారుకి నిద్ర పట్టని రోజున ఇంకో వరస చేరేది. సీటు దొరికే వీలు, ఏసీ, కిటికీ అద్దాలు, కండక్టరు మర్యాద, బస్సు టైముకి వచ్చే నమ్మకం. అట్టలు కూడా పెరిగాయి. చివరికి ఆ అట్టల కట్టకి రబ్బరు బ్యాండు చాలక మా అమ్మ జడ రిబ్బను ఇచ్చింది.

సారు పెట్టిన నియమం ఇంకొకటుంది, ఇది గుర్తుంచుకోండి. మనం ఏ బస్సు వైపూ మొగ్గు చూపకూడదు. నవ్వకూడదు, నిట్టూర్చకూడదు. "నీ కనుబొమ్మ కదిలినా డేటా మైలపడిపోతుంది" అనేవారాయన. నేను రాత్రుళ్ళు అద్దం ముందు కూర్చుని కనుబొమ్మలు కదలకుండా ప్రశ్నలు చదవడం సాధన చేసేవాణ్ణి. నాకేదో గాలి సోకిందని మా అమ్మ దిష్టి తీసింది.

విజయనగరం గంటస్తంభం దగ్గర మొదటి విడత మొదలుపెట్టాను. అక్కడే నాకు తెలియకుండానే నా చదువు మొదలైంది. జనం మొదటి అట్ట ఎంతో శ్రద్ధగా చూసేవారు. రెండోది చూసేవారు. మూడోదానికి గడియారం చూసేవారు. ఆ తర్వాత అట్ట చూడటం మానేసి నా మొహం చూసేవారు. ఒక లెక్కల మేష్టారు జేబులోంచి క్యాలుక్యులేటరు తీసి ఒక్కో అట్టకీ లెక్క కడుతూ కూర్చుని, ఐదో అట్ట దగ్గర ఇంట్లోంచి ఫోనొస్తే లేచి వెళ్ళిపోయాడు. ఒక బట్టల కొట్టు షావుకారు ఏ వరసా చూడకుండా ఛార్జీ ఒక్కటే చూసి, "ఇది సవక, ఇది సవక" అంటూ పోయాడు. మిగతా అందరూ నాలుగో అట్ట దాటగానే మూడో గడే. "ఇప్పుడున్నదే రాసీ బాబూ, పనున్నాది." పొద్దున్నే కిక్కిరిసిన ఆటోని బూతులు తిట్టుకుంటూ దిగిన మనిషే, నా అట్టలు చూసి చూసి ఆ ఆటోయే కావాలనేవాడు. నాకర్థమైంది ఇదీ: అట్టలు పెరిగేకొద్దీ మనిషి తను కోరుకున్నది చెప్పడం మానేసి, తనని తొందరగా వదిలిపెట్టేది చెబుతాడు. ఈ మాట సారుకి ఫోన్లో చెబితే, "అది తెలుసుకోవడానికి ఇంకో వరస కలుపుదాం" అన్నారు.

రెండో విడతకి భోగాపురం పక్కన సముద్రపు ఒడ్డు ఊళ్ళు. నేను చెప్పేది అందులో ఒక మత్స్యకార పల్లె కథ. విమానాశ్రయం వస్తుందన్న మాట పుట్టిన దగ్గర్నుంచీ ఆ చుట్టుపక్కల 'సర్వే' అన్న మాట వినబడితే చాలు, భూములు పోతాయన్న భయంతో ఆడామగా వీధిలోకి వచ్చి నిలబడేవారు. నేను హైవే మీద ఆటో దిగి, ఊళ్ళోకి నడిచి వచ్చి, తాడు సర్దుకుని, అలవాటు కొద్దీ "సర్వేకి వచ్చామండీ" అన్నాను. ఎక్కడి వలలు అక్కడ వదిలేసి అందరూ లేచారు.

"ఏటి కొలస్తావు?"

"కొలవనండీ. అడుగుతానంతే."

"ముందు అడుగుతారు, తరవాత కొలస్తారు. ఎల్లు ఎల్లు!"

గుంపులోంచి ఒక ముసలాయన నా సంచీ వైపు అనుమానంగా చూసి, నేల కొలిచే గొలుసు బయటికి తియ్యమన్నాడు. "బస్సు గురించండీ బాబూ! ఊరికి బస్సు గురించి!" అని అరిచాను. ఒక్కసారిగా మొహాలు మారిపోయాయి. "బస్సొస్తాదేటి?" అని ఒకామె ముందుకొచ్చింది. "బస్సు వచ్చే సందర్భంలో మీ ఎంపికలు ఎలా ఉండవచ్చునో అంచనా వేసే ప్రక్రియ" అని నాకు నేర్పిన వాక్యం మొదలుపెట్టాను గాని, మొదటి రెండు మాటల తర్వాత ఎవరూ వినలేదు. ఆమె అప్పటికే నాకు ముక్కాలిపీట వేసి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

ఆమెని నేను గంప పిన్ని అనేవాణ్ణి. తెల్లారకుండా ఒడ్డుకొచ్చిన పడవల దగ్గర చేపలు వేలంలో పాడుకుని, గంప నెత్తికెత్తుకుని, ఇసకదారిలో జీడితోటలూ సరుగుడు తోటలూ దాటి హైవే దాకా నడిచి, అక్కడ బస్సో ఆటోయో దొరికితే విజయనగరం మార్కెట్టుకి వెళ్ళి అమ్ముకొచ్చేది. కుడి మోకాలు పాడైంది. నడుస్తుంటే ఆ కాలు కాస్త ఆలస్యంగా వచ్చేది. "ఈ వానలు ఎల్లినాక నాను గంప దించీసినట్టే బావూ" అంది నాతో. "ఇసకలో నడవనేకపోతన్నాను. ఒడ్డు మీద షావుకారికి ఇచ్చీమంటాడు నా కొడుకు. ఆ షావుకారు సెప్పిందే దర. గంప నెత్తి మీద ఉన్నన్నాళ్ళే గదా ఇంట్లో నా మాటకి ఇలువ? బస్సు ఊళ్ళోకొస్తే ఇంకో పదేళ్ళు ఈ గంప దించను." అది విన్నాక నా కనుబొమ్మలు కదిలే ఉంటాయి.

రుచి చూపించడానికని ముందు ఆమెకే ఒక అట్ట తీశాను. చదువు రానివాళ్ళ కోసం బొమ్మలుండేవి. డబ్బులకి రూపాయి బిళ్ళలు, సమయానికి గడియారం, స్టాపు దూరమైతే నడిచే మనిషి, స్టాపు ఊళ్ళోనే అయితే ఇల్లు. "పిన్నీ, ఇలాంటి బస్సు ఉందనుకో" అని మొదలుపెట్టాను.

"ఉన్నాదా?"

"లేదు. ఉందనుకో."

"నేని బస్సు ఎలగెక్కుతాను?"

"నిజంగా ఎక్కక్కర్లేదు పిన్నీ. ఎక్కుతావో లేదో చెప్తే చాలు."

"ఓలమ్మ! నేని బస్సు ఎక్కకుండా ఎక్కుతానో నేదో సెప్పాలేటి!" అని పక్కావిణ్ణి పిలిచి నవ్వింది. నేను పట్టు విడవకుండా టైము నమ్మకం వరసకొచ్చాను. "ఈ బస్సు పది రోజుల్లో ఏడు రోజులు టైముకి వస్తుంది. మూడు రోజులు ఆలస్యం." పిన్ని ఈసారి నవ్వలేదు. "ఆ మూడు దినాలూ ఏవేవో ముందు సెప్తారేటి? ఆ దినాలు సేపలు కొనను" అంది. నేను గబగబా తర్వాతి అట్ట తీశాను. రెండు అట్టలయ్యేసరికి, "నువ్వు సదూకున్నోడివి. నీకేది బాగుంటే అది రాసీ" అంది. రాయకూడదన్నాను. "నీకు తెల్సుండీ నన్నెందుకు ఇలగ ఏపుకు తింతన్నావు?" అంది. అప్పుడొచ్చాడు రేడియో మావ.

రేడియో మావ ఊరిపెద్ద. చిన్న ట్రాన్సిస్టరు ఒకటి ఎప్పుడూ చంకలో ఉండేది. వాతావరణం వార్తలు విని వేటకి వెళ్ళాలో వద్దో చెప్పేది ఆయనే. ఆ ఊళ్ళో అదొక కట్టుబాటు. రేపు వేట లేదని పెద్ద అంటే, సముద్రం అద్దంలా ఉన్నా ఒక్క పడవ కదలదు. కదిలితే ఊరు తప్పు వేసి డబ్బు కట్టిస్తుంది. ఆయన వల కుట్టే పాక కింద కూర్చుని, ఊళ్ళో మగవాళ్ళందర్నీ పిలిచి, నా కట్ట అందుకుని మొదటి అట్ట చేతిలోకి తీసుకున్నాడు. అంత శ్రద్ధగా ఆ అట్టని మా సారు కూడా చూసి ఉండరు. ఒక్కో గడీ వేలుపెట్టి చూపించి, గట్టిగా చదివి, వాదించుకుని, బీడీలు కాల్చుకుని, మళ్ళీ వాదించుకున్నారు. రెండో గడిలో బస్సు ఊళ్ళోకి వస్తుంది. ఛార్జీ ఫరవాలేదు. పొద్దున్నే వస్తుంది.

"రెండోది" అన్నాడు రేడియో మావ.

అందరూ తలలూపారు. నేను రెండో అట్ట తీయబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "అయిపోనాది గదా?"

"ఇంకా చాలా ఉన్నాయి మావా. ఒక్కొక్కరూ విడివిడిగా, ఎవరి ఇష్టం వాళ్ళు చెప్పాలి."

"ఎవలిష్టం ఆలదా?" అని నా వైపు జాలిగా చూశాడు. "ఊరికి బస్సు ఒకటే గదా వస్తాది? ఒకడు మొదటిదంటాడు, ఒకడు మూడోదంటాడు. ఆపీసరు ఏటనుకుంటాడు? ఈలకే తెల్దు ఏటి కావాలో అనుకుని పక్కూరికి ఇచ్చీస్తాడు. నువ్వు సిన్నోడివి, నీకు తెల్దు." అని లేచి, గట్టిగా కేకేసి చెప్పాడు. "ఇనండర్రా! ఈ బావు రేపు ఇంటింటికీ వస్తాడు. ఎన్ని అట్టలు సూపించినా, ఏటి అడిగినా, అందరూ రెండో దాని మీదే టిక్కు పెట్టాల. ఇది ఊరి మాట." సాయంత్రం, రోజూ అందర్నీ వేటకి కేకేసి పిలిచే మనిషి వీధి వీధీ తిరిగి అదే మాట చాటాడు. నేను హైవే మీద ఆటో కోసం నిలబడితే అక్కడికి కూడా వినబడింది.

మర్నాడు పని ఎంత చురుగ్గా సాగిందో చెప్పలేను. గంటస్తంభం దగ్గర ఒక్కో మనిషికి అరపూట పట్టేది. ఇక్కడ గుమ్మంలో నిలబడగానే లోపల్నుంచి "రెండోది" అని వినబడేది. అట్టలు చూపిస్తుండగానే టిక్కులు పడిపోయేవి. ఒక అట్టలో రెండో బస్సు అన్నిటికన్నా ఖరీదు, అన్నిటికన్నా ఆలస్యం, నిలబడి వెళ్ళాలి, స్టాపు హైవే మీద, కండక్టరు మర్యాద 'తక్కువ'. పక్క గడిలో ఊళ్ళోకి వచ్చే చవక బస్సు. ఆ అట్టకీ రెండోదే. "కాస్త చూసి పెట్టండి" అన్నాను ఒకాయనతో, కనుబొమ్మలు రెండూ నెత్తికెక్కించి. "సూసేను. రెండోదే" అన్నాడాయన, నా కనుబొమ్మల వైపు చూడకుండా.

పరుగెత్తుకుని రేడియో మావ దగ్గరికి వెళ్ళి, అట్టఅట్టకీ బస్సులు చోటు మారతాయని చెప్పాను. ఆయన చాలాసేపు విన్నాడు. "బస్సుల్ని మాటిమాటికీ అటిటు మార్సడమేటి? మీకేటి పని నేదా?" అన్నాడు. అది డిజైనన్నాను. "అయితే ఆ డిజైను సెడిపోనాదని మీ ఓడికి సెప్పు. ఊరి మాట మారదు" అని ట్రాన్సిస్టరు చెవి దగ్గర పెట్టుకున్నాడు.

సాయంత్రానికి గంప పిన్ని గుమ్మం చేరాను. ఆమె మిగతావాళ్ళలా చూడకుండా టిక్కు పెట్టలేదు. అరుగు మీద కాలు చాపుకుని ఒక్కో అట్టా తీసుకుని చూసింది. ఒక అట్ట దగ్గర వేలు ఆగిపోయింది. మొదటి గడిలో ఇల్లు బొమ్మ ఉంది. రెండో గడిలో నడిచే మనిషి. "ఈ నడిసేవోడు రెండో దాన్లోకి ఎప్పుడొచ్చినాడు?" అంది. మారుతూ ఉంటాడని చెప్పాను. ఆమె వేలు ఇల్లు బొమ్మ మీద పెట్టి కాసేపు అలాగే ఉంది. 'పెట్టేసెయ్ పిన్నీ, ఎవరు చూస్తారు' అని నోటిదాకా వచ్చింది. పిన్ని చాపిన మోకాలు ఒకసారి రాసుకుని, పెన్ను తీసుకుని రెండో గడిలో టిక్కు పెట్టింది. "ఊరు ఒక్క మాట మీద ఉన్నాది బావూ. నా ఒక్కదాని మోకాలు కోసం మాట తప్పితే ఎలగ?" అంది. పెన్ను నాకిచ్చేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట నాకు నా సైన్సు మీద పుట్టిన కోపం ఇంతా అంతా కాదు.

కట్టలు హైదరాబాదు చేరాయి. వారం తర్వాత డిజైన్ సారు నన్ను రమ్మన్నారు. వెళ్ళేసరికి ఆయన కుర్చీలో కూర్చోలేక గదంతా తిరుగుతున్నారు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఎప్పటిలాగే మూడో గడి. అంటే ఆ జనానికి ఇప్పుడున్న అవస్థే ప్రాణమట, అక్కడ కొత్త బస్సులు అనవసరమట, అలా రిపోర్టులో రాసేశారు. (ఆ ఊళ్ళలో నేను ఎండలో నిలబడి తిన్న తిట్లకి డిజైన్లో వరస లేదు.) కానీ మన పల్లె దగ్గర కంప్యూటరు అయోమయంలో పడింది. "చూశావా? వీళ్ళు ఎక్కువ డబ్బిచ్చి, ఎక్కువసేపు ఎండలో నిలబడి, అమర్యాదగల కండక్టరు బస్సు ఎక్కడానికి కూడా సిద్ధపడుతున్నారు! కాలానికి విలువ సున్నా కన్నా కిందికి పోయింది! ప్రపంచంలో ఎక్కడా కనబడని సంగతి!" అన్నారు. ఆయన కళ్ళలో విదేశీ సెమినారు ఒకటి అప్పటికే మెరుస్తోంది.

"సార్, అది ఊరి మాట సార్. అందరూ రెండోదే పెట్టాలని పెద్ద చెప్పాడు."

"ఊరి మాట అనే వరస డిజైన్లో ఉందా?"

"లేదు సార్."

"లేనిది ఎలా ఉంటుంది?" అన్నారు. ఊళ్ళోకి బస్సు కావాలా వద్దా అని ఒక్క ప్రశ్న పట్టుకెళ్ళి మళ్ళీ అడిగి వస్తానన్నాను. ఆయన నొచ్చుకున్నారు. "ఒక్క ప్రశ్న అయితే దానికి మనమెందుకు?" అన్నారు. అది మాత్రం న్యాయమైన మాటే.

చివరికి ఆ రిపోర్టు విజయనగరంలో పెద్ద ఆఫీసరు ముందుకొచ్చింది. మీటింగు హాలు, బల్ల మీద జీడిపప్పు, తెర మీద సారు గీసిన గీతలు. నేను వెనక వరసలో కట్టలు పట్టుకుని నిలబడ్డాను. ఏ ఊరి పేరూ రాకుండా గంటసేపు గ్రీకు అక్షరాలు నడిచాయి. ఆఫీసరు గారు మొదట నోట్సు రాసుకున్నారు, తర్వాత జీడిపప్పు తిన్నారు, ఆ తర్వాత ఫోను చూసుకున్నారు. (గంటస్తంభం జనం మూడో అట్ట తర్వాత ఎలా అయ్యేవారో అచ్చం అలాగే అయ్యారు. చదువుకీ దీనికీ సంబంధం లేదని అప్పుడు తెలిసింది.) మన పల్లె వచ్చేసరికి సారు గొంతు పెంచి, "ఇక్కడ నూటికి నూరుమందీ రెండో ఎంపికే" అన్నారు. ఆఫీసరు గారు తలెత్తారు.

"నూటికి నూరా? ఈ జిల్లాలో నూరుమంది ఒకే మాట మీద ఉండటం నేనెక్కడా చూళ్ళేదు. ఏమిటండీ ఆ రెండోది?"

"సార్, రెండోది అంటూ ప్రత్యేకంగా ఏమీ లేదు. ప్రతి కార్డులోనూ మారుతూ ఉంటుంది. అందుకే ఇది చాలా అపూర్వమైన..."

"ఏమీ లేనిదాన్ని అంతమంది ఎలా కోరుకుంటారండీ? ఆ కట్ట ఇటివ్వండి."

కట్ట నా చేతిలో ఉంది. తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఆయన మా అమ్మ రిబ్బను విప్పి, మొదటి అట్ట తీసి, రెండో గడి మీద వేలుపెట్టి చదివారు. "ఊళ్ళోకి బస్సు. పొద్దున్నే. ఛార్జీ కూడా సబబుగానే ఉంది. ఊరంతా ఇదే అడుగుతోంది. బాగానే ఉంది కదా, ఇంకేం?" అన్నారు. సారు "సార్, కింద అట్టల్లో..." అని లేచారు. "మిగతావి తర్వాత చూస్తాను" అని ఆఫీసరు గారు కట్టని పక్కకి జరిపేశారు. ఆ మాట ఆయన ఏ గొంతుతో అన్నారో నాకు బాగా తెలుసు, ఎండాకాలమంతా విన్న గొంతే అది. ఆయన ఒకసారి తలెత్తి నా వైపు చూసి, "ఏం బాబూ, నువ్వేగా తిరిగింది? అంతేనా?" అన్నారు. "వాళ్ళకి ఊళ్ళోకి బస్సు కావాలి సార్" అన్నాను. నా కనుబొమ్మ ఒక్క నలుసంత కదల్లేదు. డిజైన్ సారు నేర్పిన విద్యలో నాకు పనికొచ్చింది అదొక్కటే.

వానలు పూర్తిగా వెనకపట్టక ముందే బస్సొచ్చింది. మొదటి రోజు చూడటానికి వెళ్ళాను. ఇసకలోకి దిగబడుతుందని రేడియో మావ దారి పొడవునా కొబ్బరి మట్టలు పరిపించాడు. హారను వినబడగానే ఊరంతా వీధిలోకొచ్చింది. "సూసేవా? ఊరు ఒక్క మాట మీదుంటే ఏటవుద్దో!" అని నా వీపు మీద ఒక్కటి చరిచాడు మావ. గంప ఎక్కించనన్న కండక్టరుతో గంప పిన్ని నడి మెట్టు మీద నిలబడి పోట్లాడి, గెలిచి, వెనక సీటు కింద గంప తోసి కూర్చుంది. కిటికీలోంచి నన్ను పిలిచి, తాటాకులో చుట్టిన కానాగంత చేపలు చేతిలో పెట్టింది. మాది గుడ్డు కూడా గడప దాటని షావుకార్ల ఇల్లు. ఆమె మొహం చూశాక వద్దనలేకపోయాను. గరివిడి దాకా వాటిని ఒళ్ళో పెట్టుకుని వెళ్తే, మా వీధి మొదట్లోనే మా అమ్మకి వాసన తగిలి, నన్ను దొడ్డిదారిన నూతి దగ్గరికి తోలి, తాడుతో సహా తడిపేసింది. చేపలు రైల్వే క్వార్టర్లలో ఉండే నా స్నేహితుడి ఇంటికి చేరాయి. మెళ్ళో కార్డు మీద నా ఫొటో చెరిగిపోయింది.

ఇప్పుడు నాకూ ఒక కంపెనీ ఉంది, నన్నూ సారంటారు, కుర్రాళ్ళు వెనకాల ఏ పేరుతో పిలుస్తారో తెలియదు. మొన్నామధ్య ఆ దారిన పని పడి పల్లెకి వెళ్ళాను. పిన్ని గంప దించి రెండేళ్ళయిందట. ఆమె పదేళ్ళ మాట చాలావరకు నిలబెట్టుకుంది. ఇప్పుడు గంప కోడలిది. అరుగు మీద కాలు చాపుకుని బస్సు టైముకి హారను వినడం పిన్ని ఉద్యోగం. చాలా ఏళ్ళుగా మనసులో ఉన్న మాట అడిగేశాను. "పిన్నీ, ఆ రోజు ఒక అట్ట దగ్గర ఇల్లు బొమ్మ మీద వేలు పెట్టావు. నీకు నచ్చింది అదే కదా?"

పిన్ని నన్ను ఎగాదిగా చూసింది. "బస్సొచ్చి ఇన్నేళ్ళయినాది. నువ్వింకా ఆ అట్టలు అట్టుకునే తిరగతన్నావేటి బావూ!" అని పళ్ళులేని నోటితో నవ్వింది. మోకాలు ఎలా ఉందన్నాను. "అది ఊరి మాట ఇనదు" అంది.

తిరిగి అదే బస్సెక్కాను. జీడితోటలు దాటుతుంటే ఫోను మోగింది. ఏదో బ్యాంకు యాప్, నా అనుభవం ఎలా ఉందో చెప్పమంటోంది. ప్రశ్న కింద ప్రశ్న, గడి పక్కన గడి, కిందికి లాగుతుంటే తరగడం లేదు. మొదటిది శ్రద్ధగా చదివాను. తర్వాత అన్నిటికీ రెండోదే నొక్కుకుంటూ పోయాను. అయిపోయాక గుర్తొచ్చింది, ఎక్కడో ఒక ఆఫీసులో మెళ్ళో తాడుతో ఒక కుర్రాడు ఈ టిక్కులన్నీ కంప్యూటర్లో పోసి, ఈ పెద్దమనిషికి ఏం కావాలో అని తల పట్టుకుని కూర్చుంటాడు. నవ్వొచ్చింది. వెనక సీటు కింద గంపలోంచి చేపల వాసన బస్సంతా నిండిపోయి ఉంది. ఇంటికెళితే అమ్మ తిడుతుందని ఒక్క క్షణం భయపడి, అమ్మ ఇప్పుడు లేదని గుర్తొచ్చి, కిటికీ తెరవకుండా అలాగే కూర్చున్నాను.